ఏ ఫోన్ కెమెరా బాగుంటుంది? లక్ష రూపాయల ఫోన్ కొనే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో ఎవరు కొత్త ఫోన్ కొనాలనుకున్నా ముందు నాకు ఫోన్ చేస్తారు. ధర, బ్యాటరీ సంగతి వాళ్లే చూసుకుంటారు, నన్ను అడిగేది మాత్రం కెమెరా గురించే. చెప్పిందే చెప్పీ చెప్పీ, చివరికి ఆ ప్రశ్నలన్నీ ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఇక్కడ మాట్లాడేదంతా 2024, 2025లో వచ్చిన పెద్ద మోడళ్ల గురించి: ఐఫోన్ 16 ప్రో, 17 ప్రో, గెలాక్సీ ఎస్24 అల్ట్రా, ఎస్25 అల్ట్రా, పిక్సెల్ 9 ప్రో, 10 ప్రో, వివో ఎక్స్200 ప్రో, షావోమీ 14 అల్ట్రా, 15 అల్ట్రా. విడుదలైనప్పుడు వీటి ధరలు మన దగ్గర సుమారు 95 వేల నుంచి లక్షా 35 వేల దాకా ఉన్నాయి.

ఇదంతా చదివే ఓపిక లేదు. ఒక్క ముక్కలో ఏది కొనమంటారు?

వీడియోలు ఎక్కువ తీస్తే ఐఫోన్ ప్రో. ఏమీ ఆలోచించకుండా జేబులోంచి తీసి టక్కున నొక్కేసే రకమైతే పిక్సెల్ ప్రో. పెళ్లిళ్లు, స్టేజీ కార్యక్రమాలు, కాస్త దూరం నుంచి మనుషుల ముఖాలు కావాలంటే వివో లేదా షావోమీ. అన్నీ కాస్త కాస్త కావాలి, పెద్ద స్క్రీన్ కావాలి, పెన్ను కావాలి అంటే గెలాక్సీ అల్ట్రా. ఇది నా అభిప్రాయం, ఇంకొకళ్లు ఇంకోలా చెప్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో మామూలు లెన్సుతో తీస్తే మాత్రం ఏ ఫొటో ఏ ఫోన్‌దో చాలామంది గుర్తుపట్టలేరు. తేడాలన్నీ చీకట్లో, జూమ్‌లో, కదిలే మనుషుల దగ్గర బయటపడతాయి.

ఒకదాంట్లో 200 మెగాపిక్సెల్, ఇంకోదాంట్లో 48. నాలుగు రెట్లు బాగుంటుందా?

ఉండదు. ఈ లెక్క మనల్ని 2012 నుంచే ఊరిస్తోంది, ఆ ఏడాది నోకియా 808 ప్యూర్‌వ్యూ 41 మెగాపిక్సెల్ కెమెరాతో వచ్చింది.

సెన్సర్ అంటే వెలుతురు పడే చిన్న పలక. ఆ పలకని ఎన్ని గళ్లుగా కోశారన్నదే మెగాపిక్సెల్. పలక పెరగకుండా గళ్లు మాత్రం పెంచితే ఒక్కో గడి చిన్నదై, దానిలో పడే వెలుతురు తగ్గుతుంది. గెలాక్సీ ఎస్23 అల్ట్రాలోని 200 మెగాపిక్సెల్ సెన్సర్‌లో ఒక్కో గడి 0.6 మైక్రాన్లు మాత్రమే. అందుకే ఆ ఫోన్ మామూలుగా తీసేటప్పుడు పదహారు గళ్లని కలిపి ఒక్కటిగా లెక్కేస్తుంది. చేతికొచ్చేది దాదాపు 12 మెగాపిక్సెళ్ల ఫొటో. ఐఫోన్ 48ని కుదించి 24 ఇస్తుంది. పిక్సెల్ 50ని 12 చేస్తుంది. అంటే అందరూ చివరికి వచ్చి చేరేది దగ్గర దగ్గర అంకెలకే.

మరి 200 దేనికి? మంచి ఎండలో గుడి గోపురం మొత్తం ఒకే ఫొటోలో తీసి, తర్వాత అందులో ఒక్క బొమ్మని కత్తిరించుకోవాలనుకున్నప్పుడు పనికొస్తుంది. అప్పుడు సెట్టింగ్ మార్చి 200లో తీయండి. రాత్రి తీస్తే ఫొటో సైజు పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

'1 అంగుళం సెన్సర్' అంటారు కదా, నిజంగా అంగుళం ఉంటుందా?

ఉండదు. స్కేలు పెట్టి కొలిస్తే అది 13.2 మి.మీ. పొడవు, 8.8 మి.మీ. వెడల్పు. మూల నుంచి మూలకి 16 మి.మీ. దాకా వస్తుంది, అంగుళమేమో 25.4 మి.మీ. పాతకాలపు టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. ఆ గొట్టం బయటి కొలత అంగుళమైతే లోపల బొమ్మ పడే చోటు 16 మి.మీ. ఉండేది. గొట్టాలు పోయాయి, పేరు మిగిలింది.

అయినా ఇది పెద్ద సెన్సరే. షావోమీ 14 అల్ట్రా, 15 అల్ట్రాలో ఉన్నది ఇదే. మిగతా పెద్ద మోడళ్లలో ఎక్కువగా కనిపించే 1/1.3 అంగుళాల సెన్సర్ కన్నా దీని వైశాల్యం సుమారు ఒకటిన్నర రెట్లు. చీకట్లో ఆ తేడా తెలుస్తుంది. ఫొటో వెనక భాగం ఏ పోర్ట్రెయిట్ మోడూ లేకుండానే మెత్తగా కరిగిపోతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. రెండు వరుసల్లో నిలబడ్డ కుటుంబాన్ని దగ్గర నుంచి తీస్తే ముందు వరుస స్పష్టంగా వస్తుంది, వెనక వరుసలో ఉన్న బాబాయిలు మసకబారతారు. పట్టాదారు పాస్‌బుక్ పేజీ ఫొటో తీస్తే మధ్యలో అక్షరాలు బాగుంటాయి, అంచుల్లో అలుక్కుపోతాయి. 14 అల్ట్రాలో దీనికి మందుగా, వెలుతురు లోపలికొచ్చే రంధ్రాన్ని ఎఫ్/1.63 (పెద్దది) నుంచి ఎఫ్/4 (చిన్నది) దాకా మార్చుకునేలా పెట్టారు, 15 అల్ట్రాలో దాన్ని తీసేశారు. మిగతా ఫోన్లలో చేయగలిగింది ఒక్కటే: రెండడుగులు వెనక్కి వెళ్లి 2ఎక్స్‌లో తీయడం.

జూమ్ విషయంలో 3ఎక్స్, 5ఎక్స్, 10ఎక్స్, 100ఎక్స్ అని ఏవేవో చెప్తారు. ఏది నిజం?

'ఎక్స్' అంటే ఆ ఫోన్ మెయిన్ లెన్సుకి ఎన్ని రెట్లు అని. మెయిన్ లెన్సు మారితే 'ఎక్స్' విలువా మారుతుంది. ఐఫోన్ 17 ప్రోలో 4ఎక్స్ అన్నా, షావోమీ 15 అల్ట్రాలో 4.3ఎక్స్ అన్నా దగ్గరయ్యే దూరం ఒకటే, రెండూ 100 మి.మీ. లెన్సులే (పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో చెప్పే కొలత ఇది, అంకె పెరిగేకొద్దీ దూరంలోది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది). ఐఫోన్ 16 ప్రోలో 5ఎక్స్ అంటే 120 మి.మీ., ఎస్25 అల్ట్రాలో అదే 5ఎక్స్ అంటే 111 మి.మీ. కాబట్టి పోల్చేటప్పుడు మి.మీ. చూడండి.

రెండోది, అసలు లెన్సు ఎక్కడుంది, కత్తిరింపు ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఐఫోన్ 17 ప్రోలో 8ఎక్స్‌కి వేరే లెన్సు లేదు. 48 మెగాపిక్సెళ్ల 4ఎక్స్ లెన్సు మధ్య భాగాన్ని కత్తిరించి ఇస్తుంది. వెలుతురుంటే బాగానే వస్తుంది. 100ఎక్స్ అన్నది ఎక్కడ కనిపించినా అది డబ్బా మీద అంకె అనుకోండి.

ఎస్23 అల్ట్రాలో నిజంగానే 10ఎక్స్ లెన్సు ఉండేది, 10 మెగాపిక్సెళ్లది. 2024 జనవరిలో వచ్చిన ఎస్24 అల్ట్రాలో శామ్‌సంగ్ దాన్ని తీసేసి 50 మెగాపిక్సెళ్ల 5ఎక్స్ పెట్టింది. పక్షుల ఫొటోలు తీసేవాళ్లు బాధపడ్డారు. నాకైతే అది సబబే అనిపించింది. ఇంట్లో, హాల్లో, స్టేజీ ముందు మనం 10ఎక్స్ దాకా వెళ్లేది ఎన్నిసార్లు? అసలు లోటు ఇంకోచోట ఉంది. ఎస్25 అల్ట్రాలోనూ 3ఎక్స్ లెన్సు ఇంకా ఆ పాత 10 మెగాపిక్సెళ్లదే. మనుషుల ముఖాలకి ఎక్కువగా వాడేది ఆ దూరమే.

ఇక్కడే వివో ఎక్స్200 ప్రో ముందుంటుంది. దానిలో 85 మి.మీ. జూమ్ లెన్సు వెనక 200 మెగాపిక్సెళ్ల పెద్ద సెన్సర్ పెట్టారు. పెళ్లి ఫొటోగ్రాఫర్లని అడగండి, ముఖాలకి వాళ్లు ఇష్టపడే లెన్సు 85 మి.మీ. అనే చెప్తారు. ముక్కు ఉబ్బదు, చెంపలు లాగినట్టు ఉండవు. తలంబ్రాలప్పుడు మూడో వరుసలో కూర్చుని కూడా పెళ్లికూతురి నవ్వు పట్టుకోవచ్చు.

5ఎక్స్ నొక్కినా ఫొటో మసకగా వస్తోంది. లెన్సు పాడైందా?

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. 5ఎక్స్ నొక్కి, వెనక ఉన్న జూమ్ లెన్సుని వేలితో మూయండి. స్క్రీన్ నల్లగా అయితే ఆ లెన్సే పనిచేస్తోంది. బొమ్మ అలాగే కనిపిస్తుంటే ఫోన్ మీకు చెప్పకుండా మెయిన్ లెన్సుకి మారి, దాన్నే కత్తిరించి చూపిస్తోందన్నమాట.

ఇది లోపం కాదు. వెలుతురు తక్కువైనా, వస్తువు మరీ దగ్గరున్నా ఫోన్లు ఇలాగే చేస్తాయి. 5ఎక్స్ లెన్సులు చాలా వరకు చేతికందే దూరంలో ఫోకస్ కావు. ఒకటి రెండు అడుగులు వెనక్కి జరిగి, ఒక లైటు వేస్తే అసలు లెన్సు మళ్లీ పనిలోకి దిగుతుంది.

చంద్రుడి ఫొటోలు నిజమేనా?

2023 మార్చిలో రెడిట్‌లో ఒకాయన ఒక తమాషా చేశాడు. చంద్రుడి ఫొటోని 170 పిక్సెళ్లకి కుదించి, మసక చేసి, కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి, గదిలో దీపాలార్పి గెలాక్సీ ఫోన్‌తో తీశాడు. స్క్రీన్ మీద లేని గుంటలు, మచ్చలు ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. కెమెరా చంద్రుణ్ని గుర్తుపట్టి, తనకి తెలిసిన చంద్రుడి వివరాలు అద్దుతోందన్నమాట. తర్వాత శామ్‌సంగ్ కూడా ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో వివరించింది. కెమెరా సెట్టింగుల్లో ఉండే సీన్ ఆప్టిమైజర్ ఆపేస్తే అది జరగదని చెప్పింది. 2019లో హువావే పీ30 ప్రో మీద కూడా ఇలాంటి గొడవే నడిచింది.

పిక్సెల్ 10 ప్రో ఇంకో అడుగు ముందుకేసింది. 30ఎక్స్ దాటాక ఏఐ బొమ్మని తిరిగి గీస్తుంది. గూగుల్ ఆ మాట దాచలేదు, మనుషుల మీద దీన్ని వాడదని కూడా చెప్పింది. ఫొటోలో ఏఐ చెయ్యి పడిందా లేదా అన్నది ఫైల్‌లోనే రాసిపెడుతుంది. దూరంగా ఉన్న భవనం, కొండ మీద గుడి ఇలా తీస్తే ముచ్చటగా ఉంటాయి. బోర్డుల మీద అక్షరాల దగ్గర మాత్రం నమ్మకండి, అసలు అక్షరంలో లేని గీతని కూడా ఏఐ పెట్టేయగలదు. బండి నంబరు ఫిర్యాదుకి పనికొస్తుందని ఇలాంటి జూమ్ ఫొటో మీద ఆధారపడొద్దు.

కొన్ని ఫోన్లలో మా ఇంట్లో వాళ్లంతా తెల్లగా వచ్చేస్తున్నారు. ఎందుకు?

మా పెద్దమ్మ చామనఛాయ మనిషి. ఓసారి కొత్త ఫోన్‌తో ఆవిడ ఫొటో తీసి చూపిస్తే కాసేపు పరకాయించి చూసి, "ఎవర్రా ఈవిడ? చీర మాత్రం నాదే" అంది. ఆ ఫోన్లో బ్యూటీ మోడ్ ముందే ఆన్‌లో పెట్టి ఉంది, నేను చూసుకోలేదు. ముక్కు పక్కన ముడతలూ లేవు, గడ్డం మీద పుట్టుమచ్చా లేదు.

కాబట్టి కొత్త ఫోన్ తీయగానే చేయాల్సిన మొదటి పని కెమెరా సెట్టింగుల్లో బ్యూటీ, స్మూతింగ్ లాంటివన్నీ సున్నా చేయడం. సెల్ఫీ కెమెరాకి, వెనక కెమెరాకి, పోర్ట్రెయిట్‌కి విడివిడిగా ఉంటాయి, మూడూ చూడండి.

అది ఆపినా మిగిలే తేడా కంపెనీ అభిరుచి. నల్లని, చామనఛాయ ముఖాలు కెమెరాలకి ఎప్పుడూ రెండో ప్రాధాన్యమే. దీన్ని సరిచేస్తామని గూగుల్ 2021లో పిక్సెల్ 6తో అన్ని ఛాయల ముఖాలూ సరిగ్గా వచ్చేలా రియల్ టోన్ తెచ్చింది, 2022లో చర్మం రంగుల్ని పది ఛాయలుగా చూపే మాంక్ స్కేలుని వాడకంలోకి తెచ్చింది. అందుకే కావచ్చు, నా కంటికి ఇంట్లో ఉన్న మనుషులు ఇంట్లో ఉన్నట్టే కనిపించేది పిక్సెల్‌లో. ఐఫోన్ కాస్త పసుపు వైపు మొగ్గుతుంది. ఐఫోన్ 16 నుంచి ఫొటో తీశాక కూడా ముఖం ఛాయని సవరించుకునే స్టైల్స్ ఇచ్చారు. వివోలో జైస్ నేచురల్ కలర్, షావోమీలో లైకా అథెంటిక్ అనే మోడ్‌లు పెట్టుకుంటే రంగులు నేల మీదికి దిగుతాయి.

నలుగురిని కలిపి తీసి చూడండి: ఒక తెల్లని మనిషి, ఇద్దరు చామనఛాయ, ఒక నల్లని మనిషి. నలుగురూ ఎవరి రంగులో వాళ్లు వస్తే ఆ కెమెరా మంచిదే. నలుగురూ ఒకే రంగులోకి వచ్చేస్తే కొనకండి.

రంగులు ఎలా పోల్చాలి?

యూట్యూబ్ వాళ్లు రంగుల పటాలు పెట్టి చూపిస్తారు. మనకంత అవసరం లేదు. స్టీలు పళ్లెంలో ఒక పక్క కుంకుమ, ఒక పక్క పసుపు, మధ్యలో ఒక మూర కనకాంబరాలు పెట్టండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ఉంచి రెండు ఫోన్లతో తీయండి.

కెమెరాలకి కనకాంబరం పెద్ద పరీక్ష. అది ఎరుపూ కాదు, నారింజా కాదు. చాలా ఫోన్లు దాన్ని నారింజ చేసేస్తాయి, కొన్ని గులాబీ వైపు లాగుతాయి. కుంకుమ దగ్గర ఇంకో సంగతి చూడండి: కుప్పలో పలుకులు, నీడలు కనిపించాలి. ఎర్రటి రంగు పూసిన ముద్దలా ఒకే మచ్చగా కనిపిస్తే ఎరుపుని మోతాదు మించి పెంచేస్తున్నట్టు లెక్క. ఎర్రంచు పట్టుచీరలో మడతలు, బతుకమ్మలో బంతిపూల రేకలు మాయమయ్యేది ఇందుకే. పసుపు పళ్లెం అంచు మీద ప్రతిఫలించే చోట గీతలు గీతలుగా కనిపిస్తే అదీ గుర్తుపెట్టుకోండి.

తర్వాత పట్టుచీర జరీని రెండడుగుల దూరం నుంచి తీయండి. సన్నటి అల్లిక మీద లేని అలలు, ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి కొన్నింట్లో. కాస్త దూరం మారిస్తే పోతాయి, కానీ ఏ ఫోన్‌లో తక్కువగా వస్తున్నాయో చూసుకోవాలి. చీరల వ్యాపారం ఇంటి నుంచి చేసేవాళ్లకి నేను ముందు చేయించేది ఈ పరీక్షే.

పెళ్లి మండపంలో వీడియో తీస్తే నల్ల చారలు పాకుతున్నాయి. అమెరికా ఫోన్ కావడం వల్లా?

ఫోన్ వల్ల కాదు, కరెంటు వల్ల. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 చుట్లు, అమెరికాలో 60. చుట్టుకి రెండుసార్లు చొప్పున మన దీపాలు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. సెకనుకి 30 ఫ్రేమ్‌లు తీస్తే ఈ లయ కలవక చారలు, మిణుకులు వస్తాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి పాల్ ఫార్మాట్లు ఆన్ చేస్తే 25 ఫ్రేమ్‌లు కనిపిస్తుంది, అది ఎంచుకోండి. ఆండ్రాయిడ్‌లో ప్రో వీడియో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ (ఒక్కో ఫ్రేమ్ మీద వెలుతురు పడే సమయం) 1/50 లేదా 1/100 సెకను పెట్టండి. ట్యూబ్‌లైట్ల చారలు చాలా వరకు పోతాయి.

వెనకాల ఎల్‌ఈడీ వాల్ పెట్టారంటే కథ వేరు. దాని లయకి కరెంటుతో సంబంధం లేదు. షట్టర్ ఒక్కో మెట్టు మారుస్తూ చారలు ఎక్కడ ఆగుతాయో చూసుకోవడమే.

అమెరికా నుంచి తెప్పించినంత మాత్రాన ఐఫోన్ కెమెరా మెరుగ్గానో తక్కువగానో ఉండదు, అవే లెన్సులు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అక్కడి మోడళ్లకి సిమ్ ట్రే లేదు, ఈసిమ్ ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వీ మూడూ ఈసిమ్ ఇస్తాయి కాబట్టి నడుస్తుంది. పెద్దవాళ్లకి ఇచ్చేటట్టయితే మాత్రం ముందే ఆలోచించండి. ఫోన్ మార్చినప్పుడల్లా సిమ్ తీసి వేసుకునే సౌకర్యం పోతుంది.

రాత్రి ఫొటోల్లో ఏది గొప్ప?

2018లో పిక్సెల్ 3 కాలంలో గూగుల్ చీకట్లో ఫొటోలకి నైట్ సైట్ మోడ్ తెచ్చినప్పుడు ఆ తేడా చూసి నోరెళ్లబెట్టాం. ఇప్పుడందరి దగ్గరా ఉంది. చేతిలో ఫోన్ పట్టుకున్న ఆ ఒకటి రెండు సెకన్లలో వరసగా ఎన్నో ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మచ్చలు తీసేసి ఒకటిచేస్తుంది. కదలకుండా పట్టుకుంటే పని సులువు. గోడకి ఆనించండి, ఊపిరి బిగబట్టండి.

నేను చూసేది ఎంత వెలుతురు వచ్చిందని కాదు, రాత్రి రాత్రిలా ఉందా అని. కొన్ని ఫోన్లు రాత్రి చార్మినార్‌ని సాయంత్రం నాలుగు గంటల చార్మినార్‌లా చేసేస్తాయి. ఆకాశం బూడిద రంగులోకి వస్తుంది, దీపాల చుట్టూ నీడలు పోతాయి. ఈ విషయంలో షావోమీ లైకా రంగులు నాకిష్టం, చీకటిని చీకటిగా వదిలేస్తాయి. ఐఫోన్‌లో వీధి దీపాల దగ్గర చిన్న ఆకుపచ్చ చుక్కలు తేలడం పాత సమస్యే. ఫోన్‌ని కాస్త వంచితే చుక్క పక్కకి జరుగుతుంది.

దీపావళికి చిచ్చుబుడ్డి తీసేటప్పుడు మాత్రం నైట్ మోడ్ ఆపేయండి. మంట మీద వేలు పెట్టి, వచ్చిన సూర్యుడి గుర్తుని కిందికి జరపండి. నిప్పురవ్వలు తెల్లటి ముద్ద కాకుండా వేటికవిగా కనిపిస్తాయి.

మా బాబు ఒక్క చోట నిలబడడు. ఏ ఫోన్ తీసుకోవాలి?

ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద పరిగెత్తే పిల్లాణ్ని తీయడం చంద్రుణ్ని తీయడం కన్నా కష్టం. గెలాక్సీ ఫోన్ల మీద ఎప్పటి నుంచో ఉన్న ఫిర్యాదు ఇదే: ఫొటో స్పష్టంగా ఉంటుంది, పిల్లాడి చెయ్యి మాత్రం చెరిగిపోతుంది. ఏటా మెరుగవుతోంది గానీ పూర్తిగా పోలేదు. పిక్సెల్, ఐఫోన్ ఈ పనిలో నయం. పిక్సెల్ 8 నుంచి ఉన్న బెస్ట్ టేక్‌తో గ్రూపు ఫొటోలో కళ్లు మూసుకున్న వాళ్ల ముఖాన్ని అదే వరసలో తీసిన ఇంకో ఫొటోలోంచి తెచ్చి పెట్టుకోవచ్చు. అలా మార్చిన ఫొటో జరిగిన క్షణం కాదు, అది మీకు పర్వాలేదా అన్నది మీ ఇష్టం.

వీడియోకి ఐఫోనే ఎందుకంటారు?

నడుస్తూ తీసినా కుదుపులు తక్కువ. ఒక లెన్సు నుంచి ఇంకో లెన్సుకి మారినప్పుడు రంగు ఎగిరిపడదు. నీడలోంచి ఎండలోకి వెళ్తే వెలుతురు మెల్లగా సర్దుకుంటుంది. ఐఫోన్ 16 ప్రో నుంచి 4కేలో సెకనుకి 120 ఫ్రేమ్‌లు తీస్తుంది, హల్దీలో పసుపు నీళ్లు చిందే దృశ్యం స్లో మోషన్‌లో చూస్తే బాగుంటుంది. ఎడిటింగ్ చేసేవాళ్ల కోసం ఉన్న ప్రోరెస్ అనే బరువైన వీడియో ఫార్మాట్ జోలికి మాత్రం ఊరికే వెళ్లకండి. 4కేలో నిమిషానికి దాదాపు 6 జీబీ తింటుంది, మామూలు 4కే 30 ఫ్రేమ్‌ల వీడియో 200 ఎంబీ లోపే.

ఎస్25 అల్ట్రా, వివో ఈ మధ్య బాగా దగ్గరికొచ్చాయి. పిక్సెల్‌లో వీడియో బూస్ట్ బాగుంటుంది గానీ వీడియోని గూగుల్ సర్వర్లకి పంపి, బాగుచేయించి, తిరిగి తెచ్చుకోవాలి. వైఫై లేని ఊళ్లో అది జరిగే పని కాదు. 8కే గురించి అడగకండి, చూడ్డానికి టీవీ ఎవరి దగ్గరుంది?

నా ఫోన్లో మెరిసిపోయే ఫొటో వాట్సాప్‌లో పంపితే పేలవంగా ఎందుకుంటుంది?

రెండు కారణాలు. ఇప్పటి ఫోన్లు ఫొటోతో పాటు ఎక్కడెక్కడ ఎక్కువ వెలగాలో ఒక పటం దాచిపెడతాయి. మీ స్క్రీన్ ఆ పటం చూసి దీపాలని, ఆకాశాన్ని నిజంగానే ఎక్కువ వెలిగిస్తుంది. వాట్సాప్‌కి వెళ్లేసరికి ఆ పటం పోవచ్చు. పైగా వాట్సాప్ ఫొటోని బాగా కుదిస్తుంది. 2023 నుంచి హెచ్‌డీ గుర్తు ఉంది, పంపే ముందు అది నొక్కండి. అచ్చంగా అలాగే వెళ్లాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి.

పోలికలో అందరూ బోల్తా పడేది కూడా ఇక్కడే. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి, ఎవరి స్క్రీన్ మీద వాళ్ల ఫొటో చూసి తీర్పు చెప్పేస్తారు. అప్పుడు పోల్చింది కెమెరాలని కాదు, స్క్రీన్‌లని. రెండు ఫొటోలూ ఒకే లాప్‌టాప్‌లోకో ఒకే టీవీలోకో తెచ్చి చూడండి.

డీఎక్స్‌ఓమార్క్ మార్కులు, యూట్యూబ్ బ్లైండ్ టెస్టులు నమ్మొచ్చా?

డీఎక్స్‌ఓమార్క్ ఫోన్ కెమెరాలకి మార్కులేసే ఫ్రాన్స్ సంస్థ. ప్రయోగశాలలో పద్ధతిగా కొలుస్తుంది, అదే సమయంలో ఫోన్ కంపెనీలకి సేవలు కూడా అమ్ముతుంది. మొత్తం మార్కుని పక్కన పెట్టి, లోపల జూమ్‌కి ఎంత, వీడియోకి ఎంత అని విడిగా చూస్తే ఉపయోగం.

ఏ ఫొటో ఏ ఫోన్‌దో చెప్పకుండా ఓట్లేయించే ఈ బ్లైండ్ టెస్టుల్లో సరదా ఏంటంటే, జనం ఎక్కువగా వెలుతురున్న ఫొటోకే ఓటేస్తారు. 2022లో యూట్యూబర్ మార్కెస్ బ్రౌన్‌లీ పెట్టిన పోటీలో ఖరీదైన ఫోన్లన్నిటినీ దాటి పిక్సెల్ 6ఏ గెలిచింది. మన దగ్గర దాని ధర 43,999 రూపాయలు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో లక్ష పెట్టి కొన్నవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదు.

ఏ రివ్యూ చదివినా తేదీ చూడండి. విడుదల వారంలో తీసిన ఫొటోలకి, నాలుగు అప్‌డేట్ల తర్వాత తీసినవాటికి పోలిక ఉండదు, మంచిగానైనా చెడ్డగానైనా.

షాపులో పది నిమిషాలుంటే ఏం చూడాలి?

షోరూంలో అన్ని ఫొటోలూ బాగానే వస్తాయి, అక్కడి దీపాల వెలుతురు అలాంటిది. ముందు లెన్సు తుడవండి, డెమో ఫోన్లకి ఉదయం నుంచి వందమంది వేళ్లు తగిలి ఉంటాయి. తర్వాత గుమ్మం దగ్గరికెళ్లండి. మీతో వచ్చిన మనిషిని గుమ్మంలో, వెనక వీధి కనిపించేట్టు నిలబెట్టి తీయండి. ముఖమూ కనిపించాలి, వెనక వీధీ తెల్లగా పేలిపోకూడదు. ముఖం చుట్టూ తెల్లటి అంచు గీసినట్టు ఉంటే అది చేతగాని పని.

అదే చోట నుంచి 0.5, 1, 3, 5 వరసగా నొక్కండి. చొక్కా రంగు నాలుగింట్లో ఒకటేనా? చాలా ఫోన్లు ఇక్కడ దొరికిపోతాయి. టేబుల్ కిందికి ఫోన్ పెట్టి చీకటి మూల ఒకటి తీయండి. నడుస్తూ అర నిమిషం వీడియో తీయండి. డెమో ఫోన్లలోంచి ఫొటోలు బయటికి పంపనివ్వకపోతే, మీ పాత ఫోన్‌తో అవే ఫొటోలు తీసుకుని కనీసం దానితో పోల్చుకోండి.

లెన్సుకి టెంపర్డ్ గ్లాస్ వేయించాలా?

వద్దు. ఫోన్ కొనగానే షాపువాళ్లు రెండు మూడొందలకి లెన్స్ గార్డ్ అంటిస్తామంటారు. కంపెనీ లెన్సు మీద మెరుపులు రాకుండా పూత వేసి ఉంటుంది, దాని మీద మామూలు గాజు పెడితే రాత్రి ప్రతి దీపానికీ తోక వస్తుంది. నా ఫోన్‌కి ఒకసారి వేయించుకుని, రెండు నెలలు కెమెరాని తిట్టుకుని, గార్డ్ ఊడిన రోజు అసలు సంగతి తెలుసుకున్నాను. లెన్సు ఎత్తుకన్నా అంచు పైకి ఉండే పౌచ్ వేసుకుంటే చాలు.

బైక్ హ్యాండిల్‌కి ఫోన్ తగిలిస్తే కెమెరా పాడవుతుందంటున్నారు, నిజమా?

నిజమే. లోపల లెన్సుని కుదుపులకి ఎదురు కదిలించే అమరిక చాలా సున్నితం. పెద్ద ఇంజిన్ బైకుల అదురు ఎక్కువకాలం తగిలితే ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లో స్వయంగా చెప్పింది. ఇలాంటి అమరిక ఉన్న ఏ ఫోన్‌కైనా అదే జాగ్రత్త. దారి చూసుకోవాలంటే పాత ఫోన్ తగిలించండి, లేదా అదురు తగ్గించే మౌంట్ కొనండి.

సంగీత్‌లో, డీజే స్టేజీ మీద లేజర్ లైట్లుంటే అవి నేరుగా లెన్సులో పడకుండా చూసుకోండి. ఒక్క కిరణం సూటిగా పడినా సెన్సర్ మీద శాశ్వతంగా గీత మిగిలిపోవచ్చు.

మేం తీసిన ఫొటోలు పంపితే చూసి ఏది కొనాలో చెప్తారా?

మా చుట్టాలకి చెప్తూనే ఉన్నాను కదా. పళ్లెం, గుమ్మం, పరిగెత్తే పిల్లాడు, ఈ మూడూ రెండు ఫోన్లతోనూ తీయండి. వాట్సాప్‌లో పంపేటట్టయితే డాక్యుమెంట్‌గా పంపాలి, ఏది ఏ ఫోన్‌దో మాత్రం నేను చెప్పేదాకా నాకు చెప్పకూడదు.